క్లాస్‌రూమ్‌కి ఎయిర్ ప్యూరిఫయర్ కొంటున్నారా? ముందు దాని మోత ఎంతో కనుక్కోండి

నాకు తెలిసిన ఒక బడిలో ప్రతి క్లాస్‌కీ ఒక ఎయిర్ ప్యూరిఫయర్ కొని పెట్టారు. రెండు వారాల తర్వాత వెళ్లి చూస్తే సగం గదుల్లో అది ఆఫ్‌లో ఉంది. ఎందుకండీ అని ఒక టీచర్‌ని అడిగితే, "ఫుల్ స్పీడ్‌లో పెడితే వెనక బెంచీ పిల్లలకి నా మాట వినపడట్లేదు, తగ్గిస్తే అసలు పనిచేస్తోందో లేదో తెలియట్లేదు, అందుకే కట్టేశాను" అన్నారు. ఆవిడ తప్పేమీ లేదు. గది పెద్దది, మెషీన్ చిన్నది, కొన్నవాళ్లు డబ్బా మీది అంకె చూసి కొన్నారు తప్ప అది నడిచేటప్పుడు ఎంత మోత చేస్తుందో చూడలేదు. ఆఫ్‌లో ఉన్న మెషీన్ ఎంత ఖరీదైనదైనా పిల్లలకి ఒరిగేదేమీ లేదు కదా. అందుకే నేను చెప్పేదంతా ఒక్కదాని గురించే: పాఠం జరిగినంతసేపూ ఎవరికీ అడ్డం కాకుండా ఆన్‌లో ఉండే మెషీన్‌ని ఎంచుకోవడం, దాన్ని అలా ఆన్‌లోనే ఉంచుకోవడం.

ఏం చేస్తుంది, ఏం చేయదు

లోపల ఉండేది ఒక ఫ్యాన్, ఒక ఫిల్టర్. ఫ్యాన్ గదిలోని గాలిని లాగుతుంది, ఫిల్టర్ అందులోని కణాల్ని పట్టేస్తుంది, మిగిలిన గాలి బయటికి వస్తుంది. సుద్దముక్క పొడి, పుప్పొడి, పొగ, వాహనాల నుంచి వచ్చే సన్నటి మసి, దగ్గినప్పుడూ మాట్లాడినప్పుడూ నోట్లోంచి వచ్చి గాలిలో తేలుతూ ఉండే తుంపరలు, ఆ తుంపరల్లో ఉండే వైరస్‌లు, ఇవన్నీ కణాలే కాబట్టి దొరికిపోతాయి.

అసలైన హెపా ఫిల్టర్ అంటే 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సైజు కణాల్లో 99.97 శాతం పట్టేది. ఇది చదివి చాలామంది అంతకన్నా చిన్నవి జారిపోతాయేమో అనుకుంటారు. అలా కాదు. ఇది జల్లెడ లాంటిది కాదు, పోగులు చిక్కుపడ్డ చాప లాంటిది. కాస్త పెద్ద కణాలు గాలితో పాటు మలుపు తిరగలేక పోగులకి కొట్టుకుంటాయి, మరీ చిన్నవి గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ తడబడుతూ ఏదో ఒక పోగుకి అంటుకుంటాయి, ఈ రెండింటికీ మధ్య ఉన్న 0.3 సైజే పట్టడానికి అన్నిటికన్నా కష్టం. అందుకే పరీక్ష దాని మీద పెడతారు. అంతకన్నా చిన్నవీ పెద్దవీ ఇంకా బాగానే పట్టుబడతాయి.

చేయలేని పని కార్బన్ డయాక్సైడ్‌ని తీయడం. బయట గాలిలో అది దాదాపు 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420) ఉంటుంది, పిల్లలు నిండా కూర్చుని కిటికీలన్నీ మూసేసిన గదిలో ఒక్క పీరియడ్‌లోనే 1000 దాటిపోతుంది. ఉక్కగా, మబ్బుగా, నిద్ర వస్తున్నట్టుగా ఉండే గదికి బయటి గాలి కావాలి, దానికి ప్యూరిఫయర్ జవాబు కాదు. వాసనల సంగతి కూడా అంతంతమాత్రమే. యాక్టివేటెడ్ కార్బన్ పొర ఉన్నవి కొంత పీల్చుకుంటాయి, కానీ చాలా మెషీన్లలో ఆ కార్బన్ ఉండేది పలచటి పొరే, తొందరగా నిండిపోతుంది.

లెక్క ఇలా వేయండి

టేపు తీసుకుని గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలవండి. ఉదాహరణకి 30 అడుగుల పొడవు, 20 వెడల్పు, 10 ఎత్తు అనుకుందాం. మూడూ గుణిస్తే 6000 ఘనపుటడుగుల గాలి. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2023లో చెప్పినదాని ప్రకారం, ఇలాంటి గదుల్లో గంటకి కనీసం 5 సార్లు గాలి మారినంత శుభ్రత ఉండేలా చూసుకోవాలి. అంటే గంటకి 30,000 ఘనపుటడుగులు, నిమిషానికి 500. నిమిషానికి ఇన్ని ఘనపుటడుగులు అని చెప్పే ఈ కొలతనే సీఎఫ్ఎం అంటారు, అంటే మనకి కావాల్సింది 500 సీఎఫ్ఎం. మెషీన్ డబ్బా మీద సీఏడీఆర్ (అది ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే కొలత) అని రాసి ఉండే అంకె ఇంత ఉండాలన్నమాట, ఒక మెషీన్‌దైనా సరే, రెండు మూడు మెషీన్లవి కలిపినా సరే. పొగకి, దుమ్ముకి, పుప్పొడికి విడివిడిగా మూడు అంకెలు ఇస్తే పొగ అంకెనే చూడండి, సన్నటి కణాల సంగతి చెప్పేది అదే.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. కొన్ని కంపెనీలు సీఏడీఆర్‌ని సీఎఫ్ఎంలో రాస్తాయి, కొన్ని గంటకి ఘనపు మీటర్లలో రాస్తాయి. ఒక సీఎఫ్ఎం అంటే గంటకి 1.7 ఘనపు మీటర్లు. కాబట్టి మన గదికి కావాల్సిన 500 సీఎఫ్ఎం అవతల 850 అవుతుంది. ఇది చూసుకోకుండా "500 అని ఉంది కదా" అని కొంటే మీకు వచ్చేది 300 సీఎఫ్ఎం కూడా కాదు. "ఇన్ని చదరపు అడుగుల గదికి సరిపోతుంది" అన్న మాటని అసలు పట్టించుకోకండి, అందులో పైకప్పు ఎత్తు ఎంత అనుకున్నారో, గంటకి ఎన్నిసార్లు గాలి మారాలని అనుకున్నారో డబ్బా మీద ఉండదు.

గాలి ఒకసారి మారడం అంటే పాతదంతా పోయి కొత్తది వచ్చేయడం కాదు. శుభ్రమైన గాలి పాత గాలిలో కలుస్తూ ఉంటుంది కాబట్టి ఒక మార్పిడికి గదిలోని కణాల్లో 63 శాతం దాకా తగ్గుతాయి. గంటకి 5 లెక్కన అయితే 12 నిమిషాలకి 63 శాతం, దాదాపు 28 నిమిషాలకి 90 శాతం, 55 నిమిషాలకి 99 శాతం. కొత్తగా కణాలేవీ రాకపోతే సుమా. పిల్లలు ఊపిరి వదులుతూనే ఉంటారు కాబట్టి మెషీన్ కూడా నడుస్తూనే ఉండాలి.

గది కిక్కిరిసి ఉంటే ఈ 5 సరిపోదు. గాలి ప్రమాణాలు రాసే ఆష్రే సంస్థ 2023లో తెచ్చిన 241 నంబరు ప్రమాణం, అంటురోగాలు ప్రబలినప్పుడు క్లాస్‌రూమ్‌లో మనిషికి 40 సీఎఫ్ఎం చొప్పున శుభ్రమైన గాలి ఉండాలంటుంది. 40 మంది ఉంటే 1600. అంతా మెషీన్లతోనే రావాలని లేదు, కిటికీల నుంచి వచ్చేది కూడా అందులోకే వస్తుంది. అయినా 6000 ఘనపుటడుగుల గదిలో 40 మంది పిల్లలుంటే 500 సీఎఫ్ఎం అనేది మొదటి మెట్టు మాత్రమే అని గుర్తుంచుకోండి.

అసలు సమస్య మోత

డబ్బా మీది సీఏడీఆర్ ఫుల్ స్పీడ్‌లో కొలిచినది. ఫుల్ స్పీడ్‌లో చాలా మెషీన్లు 55, 60 డెసిబెల్స్ దాకా మోత చేస్తాయి. ఇద్దరు మనుషులు మామూలుగా మాట్లాడుకునే శబ్దం కూడా దాదాపు అంతే. అంటే టీచర్ రోజంతా ఆ మెషీన్‌తో పోటీపడి అరవాలి. ఖాళీగా ఉన్న క్లాస్‌రూమ్‌లో వెనక నుంచి వచ్చే చప్పుడు 35 డెసిబెల్స్ మించకూడదని అమెరికా ప్రమాణం ఒకటి చెబుతుంది, మామూలు బడుల్లో అంత నిశ్శబ్దం కుదరడం కష్టమే అనుకోండి, అయినా మెషీన్లన్నీ ఆన్‌లో ఉన్నప్పుడు 45 లోపు ఉండేలా చూసుకుంటే పాఠానికి అడ్డం రాదు, 50 దాటితే మాత్రం వారం తిరక్కుండానే ఎవరో ఒకరు కట్టేస్తారు. వినికిడి యంత్రం పెట్టుకున్న పిల్లలకీ, ఇంట్లో మాట్లాడని భాషలో పాఠం వింటున్న పిల్లలకీ ఆ మోత మిగతావాళ్ల కన్నా ఎక్కువ దెబ్బ. వాళ్లు వినపడట్లేదని చెప్పరు, ఊరికే వెనకబడిపోతారు.

దీనికి మార్గం ఉంది. ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే వచ్చే గాలి కూడా దాదాపు సగం అవుతుంది, మోత మాత్రం దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది. ఒకే మోత చేసే రెండు మెషీన్లు పక్కపక్కనే నడిస్తే పెరిగేది 3 డెసిబెల్సే. ఇప్పుడు మన గదినే తీసుకోండి. 500 సీఎఫ్ఎం మెషీన్ ఒకటి ఫుల్‌లో నడిపినా, అలాంటివే రెండు సగం వేగంలో నడిపినా శుభ్రమయ్యే గాలి ఒకటే, కానీ రెండో పద్ధతిలో మోత 12 డెసిబెల్స్ తక్కువ. 10 తగ్గితేనే చెవికి శబ్దం సగమైనట్టు అనిపిస్తుంది. అందుకని నా సలహా ఏంటంటే, లెక్కలో వచ్చిన అంకెకి రెట్టింపు సామర్థ్యం కొనండి, మధ్య స్పీడ్‌లో నడపండి. మొదట డబ్బు ఎక్కువ అవుతుంది, నిజమే. కానీ చిన్నది కొని మోత భరించలేక మూలన పెట్టడం కన్నా అది నయం. బడ్జెట్ ఒకేసారి కుదరకపోతే అన్ని గదులకీ ఒక్కో చిన్నది పంచే బదులు, ఎక్కువమంది పిల్లలుండి గాలి సరిగ్గా ఆడని గదులు రెండు మూడింటికి ముందు సరిపడా పెట్టండి.

కొనే ముందు కంపెనీని ఒక్క ప్రశ్న అడగండి: మధ్య స్పీడ్‌లో సీఏడీఆర్ ఎంత, మోత ఎంత? రెండూ చెప్పగలిగిన వాళ్ల దగ్గరే కొనండి. వీలైతే ముందు ఒకటి తెప్పించి, గదిలో పెట్టి, టీచర్‌ని బోర్డు దగ్గర నిలబడి మామూలు గొంతుతో పది మాటలు డిక్టేషన్ చెప్పమనండి, మీరు వెనక బెంచీలో కూర్చుని రాయండి. ఒక్క మాట తప్పినా ఆ స్పీడ్ పనికిరాదు.

వీటి జోలికి పోకండి

అయనైజర్, ప్లాస్మా, ఓజోన్ అని గొప్పగా రాసి ఉన్నవి పిల్లల గదిలో వద్దు. వీటిలో చాలావాటి నుంచి కొద్దో గొప్పో ఓజోన్ వస్తుంది, అది ఊపిరితిత్తుల్ని రేపుతుంది, ఆస్తమా ఉన్న పిల్లలకి మరీ ఇబ్బంది. పైగా నిమ్మ, పైన్ వాసన వచ్చే ఫ్లోర్ క్లీనర్ల ఆవిరితో ఓజోన్ కలిస్తే ఫార్మాల్డిహైడ్ లాంటి హాని చేసే రసాయనాలు పుడతాయి, శుభ్రం చేయబోయి ఇంకోటి తెచ్చిపెట్టుకున్నట్టవుతుంది. కాలిఫోర్నియాలో 2010 నుంచి ప్యూరిఫయర్‌లోంచి వచ్చే ఓజోన్ 0.050 పీపీఎం మించితే అమ్మనివ్వరు. మీరు ఇప్పటికే కొన్నదాంట్లో అయాన్ బటన్ ఉంటే ఆఫ్ చేసి దాని మీద టేపు వేసేయండి. "హెపా టైప్", "హెపా లాంటిది" అన్న మాట కనిపిస్తే అది హెపా కాదనే అర్థం. యాప్, వైఫై లేకపోయినా ఫరవాలేదు, కరెంటు పోయి వచ్చాక తనంతట తాను అదే స్పీడ్‌లో మొదలయ్యే మెషీన్ దొరికితే మాత్రం వదలకండి. కొనే రోజే ఫిల్టర్ ఖరీదు కూడా అడిగి, దాన్ని ఏటా పెట్టే ఖర్చులో రాసుకోండి, లేకపోతే రెండో ఏడు ఫిల్టర్ మార్చేవాళ్లుండరు.

గదిలో ఎక్కడ

గాలి లాగే వైపూ, వదిలే వైపూ కనీసం ఒకటి రెండు అడుగులు ఖాళీ ఉండాలి. బీరువా వెనక, కర్టెన్ చాటున, బ్యాగులు కుప్పగా పెట్టే చోట పెడితే శుభ్రం చేసిన గాలినే మళ్లీ మళ్లీ లాక్కుంటూ కూర్చుంటుంది. రెండు మెషీన్లుంటే గదికి చెరో వైపు పెట్టండి. గాలిని పైకి వదిలేవి క్లాస్‌రూమ్‌కి బాగుంటాయి, ఎవరి ముఖానికీ నేరుగా కొట్టదు, ఒకరి ఊపిరిని పక్కవాళ్ల మీదికి తోయదు. పైన సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే తిరగనివ్వండి, గాలి బాగా కలుస్తుంది. తెరిచిన కిటికీ పక్కనే పెట్టకండి. వినికిడి ఇబ్బంది ఉన్న పిల్లల దగ్గర కూడా వద్దు. వైరు గోడ వారగా పోవాలి, నడిచే దారిలో ఉండకూడదు. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి ఇంకో ఎక్స్‌టెన్షన్ తగిలించి లాగే పని అసలు చేయకండి.

మొదటి గంట కొట్టడానికి అరగంట ముందే ఆన్ చేయండి. మధ్యాహ్నం పిల్లలు బయటికి వెళ్లినా కట్టొద్దు, గది కాస్త తేరుకునే సమయం అదే. సాయంత్రం ఊడ్చాక ఇంకో అరగంట నడిపి ఆపండి (పొడి చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడిస్తే ఇంకా మేలు). సగం వేగంలో 50 వాట్లు తీసుకునే మెషీన్ 7 గంటలు నడిస్తే 0.35 యూనిట్ అవుతుంది, కరెంటు బిల్లు చూసి భయపడాల్సిన పని లేదు.

ఆటో మోడ్ వాడకండి. అందులో ఉండే సెన్సర్ పొగనీ దుమ్మునీ పసిగడుతుంది కానీ వైరస్ ఉన్న తుంపరలు ఆ సెన్సర్ లెక్కలో చాలా తక్కువ. నలుగురు పిల్లలు జలుబుతో తుమ్ముతున్నా గాలి బాగుందనుకుని స్పీడ్ తగ్గించేస్తుంది. టీచర్ ఓకే అన్న స్పీడ్ దగ్గర చిన్న స్టిక్కర్ అంటించి అక్కడే ఉంచండి.

కిటికీలు తెరవాలా, మూయాలా

ఈ ప్రశ్నకి ఒకే జవాబు లేదు, బయట గాలి ఎలా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. బయట బాగుంటే కిటికీలు తెరిచి మెషీన్ కూడా నడపండి, రెండూ కూడుకుంటాయి: కిటికీల వల్ల గంటకి 5 మార్పిడులు వస్తే, మెషీన్ వల్ల 5, మొత్తం 10. 2020 చివర్లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 169 ప్రాథమిక పాఠశాలల్ని సీడీసీ పరిశీలించింది. ఏమీ చేయని బడులతో పోలిస్తే, కిటికీలు తలుపులు తెరిచి ఫ్యాన్లు వాడిన బడుల్లో కోవిడ్ కేసులు 35 శాతం తక్కువ, దానికి తోడు గాలిని శుద్ధి చేసే పరికరాలు కూడా పెట్టిన చోట 48 శాతం తక్కువ కనిపించాయి. ఇది గమనించి చూసిన లెక్క, ప్రయోగం చేసి తేల్చింది కాదు, కానీ రెండూ కలిస్తే మేలన్న సంగతికి సరిపోయేలాగే ఉంది.

బయట పొగ, దుమ్ము దట్టంగా ఉన్న రోజు సంగతి వేరు. కిటికీలు మూసినా సందుల్లోంచి గంటకి ఒక మార్పిడి అంత గాలి వస్తుందనుకోండి. మెషీన్ 5 చేస్తుంటే లోపల పీఎం 2.5 (2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న కణాలు) బయటిదాంట్లో ఆరో వంతు దగ్గర నిలుస్తుంది, బయట ఘనపు మీటరుకి 120 మైక్రోగ్రాములు ఉంటే లోపల 20. అదే కిటికీలు తెరిచి గంటకి 5 మార్పిడుల గాలి వస్తుంటే సగం దగ్గర ఆగిపోతుంది, అంటే 60. రోజు సగటు 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది కాబట్టి ఈ 20కీ 60కీ మధ్య తేడా చిన్నది కాదు. అలాంటి రోజుల్లో పాఠం జరిగేటప్పుడు మూసి ఉంచండి, పిల్లలు బయటికి వెళ్లిన పది నిమిషాలు తెరవండి. కార్బన్ డయాక్సైడ్ మీటర్ ఒకటి ఉంటే ఎప్పుడు తెరవాలో అదే చెబుతుంది.

ఫిల్టర్

కొత్త ఫిల్టర్ ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి వస్తుంది. చాలా మెషీన్లలో అది లోపలే అమర్చి ఉంటుంది, విప్పి చూడకపోతే తెలీదు. ఆ కవర్ తీయకుండానే నెలల తరబడి నడిపిన గదిని నేను కళ్లారా చూశాను, ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, గాలి మాత్రం ఫిల్టర్‌లోంచి పోవట్లేదు. కాబట్టి ప్లగ్ పెట్టే ముందు మూత తీసి చూడండి.

ముందుండే జాలీ లాంటి ప్రీఫిల్టర్‌ని నెలకోసారి వ్యాక్యూమ్‌తోనో మెత్తటి బ్రష్‌తోనో శుభ్రం చేయండి. హెపాని కడగకూడదు, దులపకూడదు, ఎండబెట్టకూడదు. అది బూడిద రంగుకి తిరిగిందంటే పనిచేస్తోందనే అర్థం, పాడైందని కాదు. గాలి రావడం తగ్గిందనిపిస్తేనో, కంపెనీ చెప్పిన గడువు (ఎక్కువగా 6 నెలల నుంచి ఏడాది) అయిపోతేనో మార్చండి. మార్చేటప్పుడు పిల్లలు లేకుండా చూసుకుని, మాస్క్ పెట్టుకుని, పాతదాన్ని అక్కడే కవర్‌లో వేసి మూతి కట్టేయండి.

డబ్బు సరిపోకపోతే

2020లో రిచర్డ్ కోర్సీ అనే ఇంజనీరింగ్ ప్రొఫెసర్ ఆలోచన, జిమ్ రోసెంతాల్ అనే ఫిల్టర్ల వ్యాపారి పనితనం కలిసి ఒక పెట్టె తయారైంది, ఇద్దరి పేర్లతోనే దాన్ని కోర్సీ రోసెంతాల్ బాక్స్ అంటారు. మెర్వ్ 13 రకం (మెర్వ్ అంటే ఫిల్టర్ కణాల్ని ఎంత బాగా పడుతుందో చెప్పే కొలత) ఫిల్టర్లు నాలుగు నిలబెట్టి చతురస్రంగా టేపుతో అతికించాలి, కింద అట్టముక్క, పైన చదరపు బాక్స్ ఫ్యాన్. ఫ్యాన్ గాలిని పైకి వదలాలి, ఫిల్టర్ల మీద ఉండే బాణం గుర్తులు పెట్టె లోపలి వైపు చూడాలి. ఫ్యాన్ మూలల్లోంచి గాలి వెనక్కి జారకుండా, మధ్యలో గుండ్రటి రంధ్రం చేసిన అట్టని ఫ్యాన్ మీద అంటించాలి, ఈ చిన్న పనికి చాలా తేడా వస్తుంది. ఒక్కో ఫిల్టర్ హెపా అంత సన్నగా పట్టదు, 0.3 నుంచి 1 మైక్రాన్ మధ్య కణాల్లో సగానికి పైగా పడుతుంది. కానీ నాలుగు పెద్ద ఫిల్టర్లలోంచి అంత గాలి వెళుతుంది కాబట్టి మొత్తం మీద వందల సీఎఫ్ఎం శుభ్రమైన గాలి వస్తుంది. పై తరగతి పిల్లల చేత చేయిస్తే సైన్స్ పాఠం కూడా అయిపోతుంది. ఫ్యాన్ మాత్రం కొత్తది, వైరు మంచిది ఉండాలి, రాత్రి ఎవరూ లేనప్పుడు నడపకూడదు.

పనిచేస్తోందో లేదో చూసుకోవడం

చిన్న పీఎం 2.5 మీటర్‌ని మెషీన్‌కి దూరంగా, పిల్లలు కూర్చునే ఎత్తులో పెట్టండి. కిటికీలు మూసి, మెషీన్ ఆఫ్‌లో ఉండగా పావుగంట అంకెలు రాసుకోండి, తర్వాత రోజూ వాడే స్పీడ్‌లోనే అరగంట నడిపి మళ్లీ చూడండి. సగానికన్నా బాగా కిందికి పడాలి. పడలేదంటే ఫిల్టర్ కవరో, మెషీన్ చుట్టూ పేర్చిన సామానో, తెరిచి ఉన్న తలుపో, వేసిన లెక్కో, ఎక్కడో తేడా ఉంది. పొగమంచు ఉన్న రోజు ఈ మీటర్లు ఎక్కువ చూపిస్తాయి, ఆ రోజు కొలవకండి.

చివరిగా ఒక కాగితం మీద మెషీన్ ఆన్ చేసే టైము, ఉంచాల్సిన స్పీడ్, ఫిల్టర్ మార్చిన తేదీ, చూసుకునే వాళ్ల పేరు రాసి మెషీన్ పక్కన గోడకి అంటించండి. టీచర్ సెలవు పెట్టిన రోజు వేరేవాళ్లు క్లాస్‌కి వస్తే, వాళ్లకి తెలియక కట్టేయకుండా ఉంటారు.